ఎదుటి కుర్చీ

పోయిన వారం మనం అద్దం గది గుమ్మంలో ఆగాం. తలుపు మూసుకుంది. చిన్నకోడలు లోపల ఉండిపోయింది, ఆమె చెప్పిన అబద్ధం బయట ఉండిపోయింది.

ఆ అబద్ధం చాలా చిన్నది. "పక్కింటి పిల్ల" అంది, అంతే.

ఎం.ఎడ్.లో మొదటి ఏడు అందరిదీ ఒకటే చదువు. రెండో ఏడు ఎవరి ఆప్షన్ వాళ్ళు ఎంచుకోవాలి. పాఠశాల నిర్వహణ తీసుకుంటే రేపు హెడ్‌మిస్ట్రెస్ కుర్చీకి దారి దొరుకుతుంది కనుక క్లాసులో సగం మంది అటు పరుగెత్తారు. కొందరు మూల్యాంకనం అన్నారు, కొందరు శిశువిద్య అన్నారు. ఇంటి పని, వంట పని ముగించుకుని, పెళ్ళయిన ఇన్నేళ్ళకు కాలేజీ మెట్లెక్కిన చిన్నకోడలు మాత్రం మొదటి రోజునుంచీ ఒకే మాట మీద ఉంది. ఆమెకు కావలసింది అభ్యసన వైకల్యాలు. తెలివికి లోటు లేకపోయినా అక్షరం పట్టుబడని పిల్లలకు నేర్పే విద్య అది. అందులో ఇక మిగిలింది ఒక్క సీటు. అడుగుతున్నవాళ్ళు ఇద్దరు, ఆమె, లెక్కల మాస్టారు.

సీటుకి పరీక్ష కాగితం మీద ఉండదు. ఒక పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివే పరీక్ష పెట్టి చూపించాలి. నియమం ఒక్కటే. సొంతవాళ్ళ పిల్లలు పనికిరారు. "సొంతవాళ్ళ పిల్లల్ని మనం కళ్ళతో చూడం, ఆశతో చూస్తాం" అని ఆ విభాగం పెద్ద, విద్యార్థులందరూ స్టాప్‌వాచ్ మేడం అని పిలిచే ఆవిడ, చేరిన రోజే చెప్పారు. చిన్నకోడలికి ఇచ్చిన పిల్లకి తెల్లారేసరికి జ్వరం వచ్చింది. వేరే పిల్లని వెతకడానికి వ్యవధి లేదు. అందుకని తన తోడికోడలి కూతుర్ని, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్లని, ఆ పూటకి బడి మాన్పించి తీసుకొచ్చింది. తీరా బయలుదేరే వేళకి పిచ్చుక తల్లి, ఆ ఇంటి పెద్దకోడలు, ఇస్త్రీ బట్టల్లో, చేతిసంచీతో వాకిట్లో నిలబడి ఉంది. "నా కూతురు కాలేజీలో చదివి వినిపిస్తుంటే నేను ఇంట్లో కూర్చుంటానా?" అంది. కాదనడానికి చిన్నకోడలికి కారణం దొరకలేదు. దొరికిన ఒక్క కారణమూ చెప్పుకోదగ్గది కాదు.

అదీ సంగతి. ఇక లోపలికి వెళదాం.

అద్దం గది అని పేరే గాని నిజానికి అవి రెండు గదులు. నడిమి గోడలో కిటికీ అంత అద్దం ఉంటుంది. లోపలి గదిలో మంచి వెలుతురు, ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. అక్కడ కూర్చున్నవాళ్ళకు ఆ అద్దంలో తమ మొహాలే కనబడతాయి. ఇవతలి గది చీకటి. ఇక్కడ కూర్చున్నవాళ్ళకు లోపల జరిగేదంతా కనబడుతుంది, గోడకున్న స్పీకర్లోంచి మాటలు వినబడతాయి. గట్టిగా మాట్లాడితే మాత్రం అటు వినబడుతుంది. అందుకే అద్దం పైన చిన్న బల్బు వెలుగులో, అరచేయంత అక్షరాలతో బోర్డు పెట్టారు. ఇక్కడ మాట్లాడరాదు.

"లోపలివాళ్ళకి మనం నిజంగా కనబడమా?" అంది పెద్దకోడలు, ఆ బోర్డు కింద నిలబడి, సంతలో అడిగినంత గట్టిగా.

"కనబడమండీ" అన్నాడు లెక్కల మాస్టారు. తన వంతు కోసం ఎదురుచూస్తూ ఆయన అక్కడే కూర్చున్నాడు.

"మా ఇంట్లోనూ ఇలాంటిదొకటి పెట్టించాలి. డబ్బాల్లో బిస్కెట్లు ఎవరు ఖాళీ చేస్తున్నారో తెలిసేది. మా ఆయన మీదే నా అనుమానం."

మాస్టారు నవ్వి, వేలు పెదవుల మీద పెట్టుకుని బోర్డు వైపు చూపించాడు.

"కళ్ళజోడు మర్చిపోయి వచ్చానండీ. ఏం రాశారేమిటి?"

"మాట్లాడొద్దని."

"అలా చెప్పండి మరి" అని ఆవిడ గొంతు తగ్గించింది. కూర్చుంది. అద్దంలోంచి లోపలికి చూసి వెంటనే లేచింది. "చూశారా, గౌను అంచుకి దారం వేలాడుతోంది! కత్తిరించమని పొద్దున్నే చెప్పాను. వింటుందా? అచ్చం వాళ్ళ నాన్న." మళ్ళీ కూర్చుంది. "మీరూ మా చెల్లెలితోపాటే చదువుతున్నారా?"

"చెల్లెలా?"

"తోడబుట్టింది కాదులెండి, తోడికోడలు. కింది వాటాలో మేము, పై వాటాలో వాళ్ళు. పిచ్చుక నా కూతురే గాని తిండి తప్ప తక్కినవన్నీ పైనే."

మాస్టారి చేతిలో పెన్ను కదలడం మానేసింది. ఒక్క మాట. ఆ ఒక్క మాట మేడం చెవిన వేస్తే సీటు తనది. పదేళ్ళుగా లెక్కలు చెబుతూ, ప్రతి క్లాసులోనూ బోర్డు మీది లెక్కని ఎత్తి రాసుకోలేక ఏడ్చే పిల్లలు ఎందుకుంటారో తెలుసుకోవాలని ఆయన ఈ చదువులో చేరాడు. ఆయనకీ సీటు కావాలి. లోపల చిన్నకోడలు కాగితాలు సర్దుకుంటోంది, అంచులు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటూ.

"అమ్మా, ఆ మాట మేడంతో అనకండి" అన్నాడు చివరికి.

"ఏ మాట?"

"తోడికోడలన్న మాట."

"ఎందుకనకూడదు? నేనేమైనా దొంగసొత్తా?"

తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, నూలు బట్టలు, మెడలో నల్ల తాడుకి స్టాప్‌వాచ్. ఆవిడ దాన్ని నొక్కగా చూసినవాళ్ళు ఆ కాలేజీలో లేరు. అది వేలాడుతుంటే చాలు, ఎదుటివాళ్ళకి చెమట పట్టేది. మేడం కూర్చుని, అద్దం వైపు తలూపి, "కానివ్వండి" అంది, లోపలివాళ్ళకి వినబడదని తెలిసి కూడా.

పెద్దకోడలి నోట్లో నువ్వుగింజ నానదని వాళ్ళింట్లో సామెత. ఆ గింజ ఎంతసేపు నానుతుందో చూస్తూ మాస్టారు ఊపిరి బిగబట్టాడు.

లోపల పిచ్చుక కుర్చీలో కాళ్ళూపుతోంది. ముందుపళ్ళు ఊడి రెండు మళ్ళీ వస్తున్నాయి. ఇక్కడ పిన్నీ అని పిలవకూడదు, టీచర్ అనాలి, అదొక ఆట అని దారిలో చెప్పారు. ఆట పిల్లకి బాగా నచ్చింది.

"మొదలుపెట్టమంటారా టీచర్? ఈ కాగితమేనా టీచర్?"

"ఇదే. తొందరేం లేదు. నీకు తోచినట్టు చదువు."

పిల్ల ముందు ఒక కాగితం, అదే పాఠం ఉన్న ఇంకో కాగితం చిన్నకోడలి ముందు. పరీక్ష పెట్టేవాళ్ళు పిల్ల చదివే ప్రతి మాటనీ తమ కాగితంలో చూసుకుంటూ, తప్పు చదివిన చోట గీత గీసుకోవాలి. గొడుగులు బాగుచేసే మనిషి గురించిన పాఠం అది. పిచ్చుక చదివింది. అక్కడక్కడ ఆగింది, కాని చదివింది. వానలో గొడుగు తిరగబడ్డ చోట నవ్వింది కూడా. చిన్నకోడలికి గుండెలో ఏదో వెచ్చగా పొంగింది. పోయినేడాది ఈ పిల్ల పుస్తకం చూస్తేనే బల్ల కింద దూరేది. రోజూ మధ్యాహ్నం అంట్లు ముగించి, తడి చేతులు తుడుచుకుని, ఎదురెదురుగా కూర్చుని, ఒక్కొక్క మాట, ఒక్కొక్క వాక్యం. ఆ కష్టం ఇవాళ నోరు విప్పి మాట్లాడుతోంది.

చీకటి గదిలో పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంది. "వింటున్నారా అండీ? బడిలో పంతులమ్మ దీన్ని మొద్దు అంది. ఇప్పుడు రమ్మనండి ఆవిణ్ణి!"

"బడిలో ఇలాగే చదువుతుందా?" అంది మేడం, చూపు అద్దం మీదనుంచి తిప్పకుండా.

"అదే కదండీ మా బాధ. ఇంట్లో గడగడా చదువుతుంది, బడిలో నోరు విప్పదు. మొండి."

"బడిలో చదవదు" అని మేడం నెమ్మదిగా అంది, ఎవరితోనూ కాకుండా. కుర్చీ కాస్త ముందుకు లాక్కుంది.

లోపల రెండో కాగితం వచ్చింది. అందులో ఉన్నవి ఏ భాషలోనూ లేని మాటలు. అర్థం లేదు కనుక ఊహించి చెప్పడానికి వీల్లేదు, ఉన్న అక్షరాలు చదవాల్సిందే. చదువు నిజంగా ఎంత వచ్చిందో తేల్చేది ఆ కాగితమే.

"ఇవన్నీ తమాషా మాటలు. నవ్వొచ్చినా ఫరవాలేదు" అంది చిన్నకోడలు.

కాగితం మీద 'బొలిగ' అని ఉంది. పిచ్చుక తల కాస్త కుడివైపుకి వాల్చి, కళ్ళు పైకెత్తి, మళ్ళీ దించి, "మొలిగ" అంది.

తర్వాతది 'పునికె'. తల వాలింది, కళ్ళు లేచాయి, దిగాయి. "మునికె."

తప్పులే. కాని ఎంత దగ్గరి తప్పులు! చిన్నకోడలు గీతలు గీసుకుంటూ పోయింది. ఫరవాలేదనుకుంది.

"మాస్టారూ" అంది మేడం మెల్లగా. "చదవడంలో ఇబ్బందిపడే పిల్లలు 'మ'ని ఏమని పొరబడతారు?"

"'య' అని, మేడం. 'ప'ని 'వ' అంటారు. ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి గనక."

"'బ'కీ 'మ'కీ పోలిక ఉందా?"

ఆయన ఆలోచించాడు. "కాగితం మీద లేదు."

"మరి ఈ పిల్ల రెండూ ఒకటేనని ఎక్కడ చూసింది? శబ్దం రాకుండా నోటితో అని చూడండి."

మాస్టారు బా అన్నాడు, మా అన్నాడు, గొంతు రానివ్వకుండా. రెండు సార్లూ పెదవులు ఒక్కలాగే మూసుకుని, ఒక్కలాగే విచ్చుకున్నాయి. కాగితం మీద ముక్కూ మొహం ఎరగని అక్షరాలు పెదవుల మీద కవలలు. ఆయన గబుక్కున అద్దం వైపు తిరిగాడు. ఈసారి పిల్లని కాదు, చిన్నకోడల్ని చూశాడు.

ఆమె పెదవులు కదులుతున్నాయి. కొంచెమే, అన్నం ముద్ద అందుకునే పసిపిల్ల ఎదుట తల్లి నోరు తనకి తెలియకుండానే తెరుచుకున్నట్టు. ప్రతి మాటకీ పిల్ల కంటే ముందు ఆమె నోరు ఆ మాటని అంటోంది. పిల్ల తనకి తెలిసిన అక్షరం కాగితం మీద ఏరుకుంటోంది, తెలియనిది పిన్ని మొహం మీద ఏరుకుంటోంది. ఆ సంగతి చిన్నకోడలికి తెలియదు. అది ఆమె మొహం చూస్తేనే అర్థమవుతోంది.

మేడం లేచింది.

లోపలి తలుపు తెరుచుకోగానే చిన్నకోడలు కంగారుగా లేచి నిలబడింది. పరీక్ష నడుమ ఎవరూ లోపలికి రారు.

"కూర్చోమ్మా, నువ్వు కూర్చో" అని పిచ్చుకతో అని, మేడం పిల్ల కుర్చీని తనే తిప్పింది, అద్దానికి ఎదురుగా. చిన్నకోడలితో, "మీరు పాప వెనక నిలబడండి. ఇది చూసుకుంటూ ఉండండి" అంది. ఆమెకి ఒకటి, పిల్లకి ఒకటి కొత్త కాగితాలు ఇచ్చింది. "ఇది కొత్త పాఠం. చదివి వినిపించు తల్లీ."

పిచ్చుక కాగితం చూసింది. తల కుడివైపుకి వాల్చి కళ్ళెత్తింది. ఎదురుగా ఎవరూ లేరు. కాసేపు అటూ ఇటూ వెతికింది. అప్పుడు దాని చూపు అద్దంలో ఒక చోట ఆగింది.

చీకటి గదిలో పెద్దకోడలు మురిసిపోయింది. "నన్నే చూస్తోంది! నా బంగారు తల్లి, నన్ను కనిపెట్టేసింది!" అని చెయ్యి కూడా ఊపింది.

పిల్ల చూసేది తల్లిని కాదు. తన తల మీదుగా అద్దంలో కనబడుతున్న పిన్ని మొహాన్ని. మొదటి వాక్యం చదివింది కూడా, తడుముకుంటూ.

"ఇప్పుడు మీరు గోడవైపు తిరగండి" అంది మేడం చిన్నకోడలితో.

ఆమె తిరిగింది. ఎందుకో తెలియలేదు. ఎదురుగా గోడకి సున్నం పెచ్చు ఒకటి లేచి ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది.

వెనకనుంచి పిల్ల ఊపిరి వినబడుతోంది, అంతే. కాగితం అటు తిప్పి ఇటు తిప్పిన చప్పుడు. ఒక అక్షరం, కాసేపటికి ఇంకొకటి. రెండింటికీ పొత్తు కుదరలేదు. మళ్ళీ ఏమీ లేదు.

"ఏం తల్లీ? ఏమైంది?"

"టీచర్ మొహం కనబడటం లేదు."

"కనబడకపోతే?"

పిచ్చుక ఆవిడ్ని వింతగా చూసింది, ఇంత పెద్దావిడకి ఇది కూడా తెలియదా అన్నట్టు. "మొహం చూడకుండా ఎలా చదువుతారు?" అంది. "కొంచెం కాగితంలో ఉంటుంది, కొంచెం మొహంలో ఉంటుంది కదా. బడిలో టీచర్ బోర్డు వైపు తిరిగే ఉంటుంది. అందుకే అక్కడ నాకు రాదు."

గోడవైపు తిరిగి ఉన్న చిన్నకోడలు వెంటనే ఇటు తిరగలేకపోయింది. పెచ్చు మీద చెయ్యి ఆనించింది. అది రాలి పడింది.

ఇన్ని మధ్యాహ్నాలు తను నేర్పింది చదువు కాదు. తన మొహాన్ని నేర్పింది.

దభాలున తలుపు తెరుచుకుంది. వెనకనుంచి మాస్టారు "అమ్మా, ఆగండి" అంటూనే ఉన్నాడు.

"ఏమిటండీ ఇది?" పెద్దకోడలు పిల్లని దగ్గరికి లాక్కుంది. "చక్కగా చదువుతున్న పిల్లని అటు తిప్పీ ఇటు తిప్పీ బెదరగొట్టి, రాదనిపిస్తారా? పెద్ద చదువులు చదివింది ఇందుకా? నువ్వేంటి చెల్లీ, దిమ్మలా నిలబడ్డావు? చెప్పు వీళ్ళకి. రోజూ నీ దగ్గర చదవట్లేదూ ఇది?"

"అక్కా..."

"అక్కా లేదు గిక్కా లేదు. చెప్పు!"

"ఒక్క నిమిషం" అంది మేడం. గొంతు పెంచలేదు. "మీరు పాపకి ఏమవుతారు?"

"కన్నతల్లిని."

"ఈవిడ?"

గుమ్మంలో మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

"పిన్ని. నా తోడికోడలు. ఎందుకూ?"

మేడం చిన్నకోడలి వైపు తిరిగింది. "పక్కింటి పిల్ల అన్నారు మీరు."

ఆ మాటకి చిన్నకోడలు తేరుకునేలోపే పెద్దకోడలి మొహం మారింది. అప్పటిదాకా ఉన్న కోపం వేరు, ఇది వేరు. గొంతు ఉన్నట్టుండి చిన్నదైపోయింది.

"పక్కింటి పిల్లా?"

"అక్కా, నియమం అలాంటిది. సొంత పిల్లలైతే ఒప్పుకోరు. సీటు పోతుందని..."

"పక్కింటి పిల్ల." పెద్దకోడలు మళ్ళీ అంది, ఆ మాట ఎంత బరువుందో చేత్తో ఎత్తి చూసినట్టు. "ఆ జడ పొద్దున్న నీ చేత్తో వేశావు. ఆ గౌను నువ్వే కుట్టావు. నా కడుపున పుట్టినా నీ మంచం మీదే ఎక్కువ పడుకుంది. ఇవాళ సీటుకి అడ్డమైతే పక్కింటిదైపోయిందా?"

"ఇది ఆటే అమ్మా" అంది పిచ్చుక, తల్లి చెయ్యి లాగుతూ. "పిన్ని చెప్పింది. ఇక్కడ టీచర్ అనాలంతే."

పిల్ల నోటి వెంట వచ్చిన ఆ వెనకేసుకురావడం తిట్టు కంటే గట్టిగా తగిలింది చిన్నకోడలికి.

"మాస్టారూ, మీకు ముందే తెలుసా?" అంది మేడం.

"తెలుసు మేడం. ఇందాకే తెలిసింది."

"చెప్పలేదేం?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకని..." నవ్వబోయి మానేశాడు. "చెబితే సీటు నాకొస్తుంది మేడం. అందుకే చెప్పలేకపోయాను."

మేడం స్టాప్‌వాచ్ తాడుని వేలికి చుట్టుకుని విప్పింది. చిన్నకోడలు ముందుకి వచ్చి, బల్ల మీది తన కాగితాలు ఒక దొంతరగా పేర్చి ఆవిడ ముందు పెట్టింది. అంచులు కలిశాయో లేదో అలవాటుగా వేలితో సరిచేసింది కూడా.

"తప్పు నాది మేడం. సీటు సంగతి నేనిక అడగను. ఒకటే అడుగుతాను. పిచ్చుకకి ఇప్పుడు ఎవరు నేర్పుతారు?"

అంతసేపట్లో మొదటిసారి మేడం ఆమెని నిదానంగా చూసింది.

"ఇవాళ్టి పరీక్ష చెల్లదు. అబద్ధం సంగతి ప్రిన్సిపాల్‌కి చెప్పక తప్పదు, చెబుతాను. సీటు ఇవ్వాలో వద్దో మాత్రం అబద్ధాన్ని బట్టి తేల్చను. ఈ ఆప్షన్‌లో నేర్పడం కంటే కష్టమైన పని ఒకటుంది. మనకి కావలసినవాళ్ళు కళ్ళముందు తడబడుతుంటే నోరు మూసుకుని ఊరుకోవడం. వాళ్ళు ఎక్కడ పడుతున్నారో తెలిసేది అప్పుడే. అది మీకు చేతనవునా? ఇందాక చేతకాలేదు. సాయంత్రం పేరు రాసేలోపు నాకు తెలియాల్సింది అదొక్కటే."

తర్వాత పెద్దకోడలి వైపు తిరిగి గొంతు మార్చింది. "మీ అమ్మాయి మొద్దు కాదండీ. మొండీ కాదు. మొహం చూసి ఇంత పట్టుకోగలిగిందంటే మహా చురుకైంది. దీనికి దారి ఉంది. వారానికి రెండు రోజులు ఇక్కడికి తీసుకురండి. ఇంటి దగ్గర రోజూ మీరు పక్కన కూర్చోవాలి. ఎదురుగా కాదు, పక్కన. అక్షరం కింద వేలు పెట్టి మీరు చదవాలి, మీ వేలు చూస్తూ తను చదవాలి. పిన్ని కొన్నాళ్ళు ఆ చాయలకి రాకూడదు."

"నేనా?" అంది పెద్దకోడలు. "నేనెందుకండీ? చదువుకున్నది తను. నాకు ఇంటి పనే తెమలదు. పోనీ వాళ్ళ నాన్న..."

"తల్లి పక్కన ఉంటే భయం పోతుంది. పెద్ద కష్టం కాదు. రండి, ఎలాగో చూపిస్తాను. ఈ గొడుగుల పాఠమే చదవండి."

"కళ్ళజోడు తేలేదండీ."

"నాది తీసుకోండమ్మా" అని మాస్టారు సాయం చెయ్యబోతున్న ఉత్సాహంతో తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు. "దగ్గరివి చదవడానికే ఇది."

పెద్దకోడలు దాన్ని అందుకుని, రెండు అద్దాలూ తుడిచింది. మళ్ళీ తుడిచింది. అవి శుభ్రంగానే ఉన్నాయి. ఆ తుడవడం చూస్తుంటే మాస్టారికి అద్దం పైన బోర్డు గుర్తొచ్చింది. బల్బు వెలుగులో, అరచేయంత అక్షరాలు. దాని కిందే నిలబడి, అద్దానికి అవతల గౌను అంచున వేలాడే దారం పోగుని పట్టేసిన కళ్ళు గుర్తొచ్చాయి. ఇచ్చిన కళ్ళజోడు వెనక్కి లాక్కోవాలనిపించింది ఆయనకి.

పెద్దకోడలు పిచ్చుక పక్కన కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. అల్లం తరిగినా, సూదిలో దారం ఎక్కించినా తొణకని వేలు అది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

చిన్నకోడలికి ఆ వేలు చూస్తుంటే అక్క మాటలెన్నో ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. నువ్వే చదువు చెల్లీ, నా చేతులు తడిగా ఉన్నాయి. నువ్వే చదువు, నీది రేడియో గొంతు. ఈ మందు సీసా మీద ఏం రాశారో చూడు, నా కళ్ళజోడు కిందుంది. బడినుంచి వచ్చిన కాగితం కదూ, పైకి తీసుకెళ్ళి పిన్నికివ్వు. కాపురానికి వచ్చిన రోజునుంచీ వింటున్నవే. ముద్దుగా, చనువుగా, పెద్దరికంగా వినబడిన మాటలు.

"చదువమ్మా" అంది పిచ్చుక, తల్లి మోచేతిని పొడుస్తూ. "మొదటిది సులువే."

పెద్దకోడలి తల మెల్లగా కుడివైపుకి వాలింది. కళ్ళజోడు పైనుంచి కళ్ళు లేచాయి. గది అంతా వెతికి, చిన్నకోడలి మొహం మీద ఆగాయి. ఇందాకటి కోపం వాటిలో లేదు. కూతురి ముందు, నలుగురి ముందు, ఒక్క మాట అందివ్వమని అడిగే చూపు మాత్రమే ఉంది.

మొదటి మాట 'గొడుగు'. చిన్నకోడలి నాలుక చివర అది అప్పటికే వచ్చి కూర్చుంది. పెదవి సున్నా చుడితే చాలు.

స్టాప్‌వాచ్ మేడం పెద్దకోడల్ని చూడటం లేదు. ఆవిడ చూపు చిన్నకోడలి పెదవుల మీద ఉంది. ఇన్నాళ్ళలో మొదటిసారి, ఆవిడ బొటనవేలు మెడలోని గడియారాన్ని టిక్కుమని నొక్కింది.